ఒట్టీన్ చిత్తడిలో మా సంక్రాంతి

ఆస్టిన్‌లో ఏళ్ళ తరబడి ఉంటున్న మనవాళ్ళని అడిగినా పామెటో స్టేట్ పార్కు ఎక్కడుందో చాలామంది చెప్పలేరు. ఫోన్లో ఫొటోలు చూపిస్తే "ఇందులో ఏముందండీ?" అంటారు. వాళ్ళని తప్పు పట్టలేం. కొండ లేదు, జలపాతం లేదు, ఎక్కి ఫొటో దిగడానికి ఒక బండరాయైనా లేదు. ఆస్టిన్ నుంచి దక్షిణంగా 183 హైవే పట్టుకుని, లూలింగ్ దాటి గొంజాలెస్ వైపు పోతుంటే పార్క్ రోడ్ 11 అని ఒక బోర్డు వస్తుంది. అక్కడ తిరిగామా, అప్పటిదాకా ఎండిన గడ్డి బీళ్ళూ ఆవులూ చమురు తోడే పంపులూ కనిపించినవి కాస్తా మాయమై, ఉన్నట్టుండి ఒట్టీన్ చిత్తడి అడవి. మధ్యలోంచి శాన్ మార్కస్ నది. మొత్తం కలిపి 270 ఎకరాలు. టెక్సాస్ లెక్కలో ఇది పార్కు కింద జమ కాదు, ఎవరిదో పెరడు అంటారు.

2018 జనవరిలో మేమక్కడికి వెళ్ళింది ఇష్టపడి కాదు. మార్టిన్ లూథర్ కింగ్ సెలవు సోమవారం పడింది, శనాదివారాలు కలిసొచ్చాయి, పేరున్న పార్కులన్నీ ఎప్పుడో నిండిపోయాయి. ఎవరో రద్దు చేసుకుంటే పామెటోలో ఒక్క సైటు, అంటే బండి పెట్టుకుని రాత్రిళ్ళు ఉండే చోటు, ఖాళీ అయింది. "పోనీలే, పండక్కి ఇంట్లో ఇద్దరమే కూర్చుని టీవీ చూసే బదులు అక్కడ కూర్చుందాం" అన్నారు మావారు. పిల్లలు ఒకడు సియాటిల్, ఒకతి న్యూజెర్సీ. వాళ్ళు రారు, మమ్మల్ని రమ్మన్నా ఆ చలికి మేం పోం.

మాకు బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు లాంటి ట్రైలరు ఉండేది. అప్పటికి దాని వయసు మా చేతుల్లో రెండేళ్ళు, అంతకుముందు ఇంకెవరి చేతుల్లోనో ఎనిమిదేళ్ళు. మావారు రిటైరైన వెంటనే కొన్నారు. ఆయన ఊళ్ళో ఇరిగేషన్లో జూనియర్ ఇంజనీరుగా మొదలుపెట్టి, ఇక్కడికొచ్చాక కంప్యూటర్ల ముందు కూర్చుని, చివరికి ప్రాజెక్టు మేనేజరుగా దిగిపోయిన మనిషి. ఉద్యోగం వదిలినా ఆ మేనేజరు పోలేదు. యెల్లోస్టోన్ వెళ్ళినా గ్రాండ్ కాన్యన్ వెళ్ళినా ఎక్సెల్ షీటు ప్రింటు తీసి క్లిప్ బోర్డుకి తగిలించేవారు. ఉదయం 7.10కి బయల్దేరాలి, 8.25కి మొదటి వ్యూ పాయింటు, అక్కడ ఇరవై నిమిషాలు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నీళ్ళు చిమ్మడం పది నిమిషాలు ఆలస్యమైతే గడియారం చూసుకుని చిరాకుపడిన మనిషిని నేను ఆయన్నే చూశాను. అలాంటాయన పామెటోకి షీటు తయారు చేద్దామని కూర్చుంటే రెండు వరసలు దాటి ముందుకు సాగలేదు. దారులన్నీ కలిపినా పెద్దగా నడిచే సరుకు లేదు.

ఇక సైట్లోకి వెనక్కి పెట్టడం. ఆర్వీ, అంటే ఇలాంటి ఇంటి బండి, కొన్న ప్రతి జంటకీ ఈ కథ ఉంటుంది, లేదన్నవాళ్ళు అబద్ధం ఆడుతున్నట్టే. ట్రైలరు వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు తిప్పినదానికి ఎదురు తిరుగుతుంది. వెనకాల నేను నిలబడి చేతులూపుతున్నా.

"కుడికి, కుడికి!"

"నీ కుడా, నా కుడా?"

"మీ కుడే అండీ! అయ్యో, ఆ చెట్టు... ఆపండి!"

"ఆపమంటే ఆపేశా కదా, అరుస్తావెందుకు?"

చుట్టుపక్కల కుర్చీల్లో బీర్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళందరికీ సాయంత్రం సినిమా మేమే. తెలుగులో తిట్టుకుంటున్నాం కాబట్టి మాటలు అర్థం కాలేదు గానీ, భావం ఏ భాషలోనైనా ఒకటే కదా.

అప్పుడొచ్చింది ఆవిడ. డెబ్బై దాటిన మనిషి, నెరిసిన జుట్టు వెనక్కి లాగి కట్టి, వాలంటీరు చొక్కా, రబ్బరు బూట్లు. క్యాంప్ హోస్టు. నన్ను పక్కకి తీసుకెళ్ళి "కుడి ఎడమ మర్చిపో. డ్రైవర్ వైపు, ప్యాసింజర్ వైపు అను, అంతే" అంది. తర్వాత మావారి కిటికీ దగ్గరికెళ్ళి, చెయ్యి స్టీరింగు అడుగు భాగాన పెట్టమంది. అలా పట్టుకుంటే చెయ్యి ఎటు జరిపితే ట్రైలరు వెనక భాగం అటే పోతుందిట. పోయింది కూడా. ఇన్నేళ్ళ ఇంజనీరుకి ఈ ముక్క తట్టలేదని నాకు లోపల్లోపల ఎంత సంతోషమో. చక్రాలకి అడ్డంగా చాక్సు పెట్టి, జాకులు దింపి, నీళ్ళ గొట్టం, కరెంటు తగిలించేసరికి చీకటి పడింది.

ఆవిడా వాళ్ళాయనా అయోవా రైతులు. ఉత్తరాన మంచు మొదలవగానే టెక్సాస్‌కి దిగి, ఎండలు ముదిరేముందు వెనక్కి పోయే ముసలాళ్ళని ఇక్కడ వింటర్ టెక్సన్స్ అంటారు. వీళ్ళు ఒక అడుగు ముందుకేసి ఇల్లూ పొలమూ అమ్మేసి మోటార్‌హోమ్‌లోనే కాపురం పెట్టారు. చలికాలం ఏదో ఒక పార్కులో హోస్టులుగా ఉంటారు. వారంలో కొన్ని గంటలు పార్కుకి పని చేస్తే సైటు ఉచితం. పెద్దాయన పొద్దున్నే చిన్న బండి మీద పార, బక్కెట్టు వేసుకుని ఖాళీ అయిన సైట్ల నెగళ్ళలో బూడిద ఎత్తేవారు. ఆవిడ బాత్రూములు చూసి, కొత్తగా వచ్చినవాళ్ళకి దారి చెప్పేది. పనుల్లో ఆవిడ గొంతే ఎక్కువ వినిపించేది.

మర్నాడు పొద్దున మావారు షీట్లోని మొదటి వరస, అంటే పామెటో ట్రైలు అనే కాలిబాట, పూర్తి చేద్దామన్నారు. చుట్టూ తిరిగి రావడానికి అరగంట పట్టదు. కానీ నేను పది అడుగులు వేసి ఆగిపోయాను. దారికి రెండు పక్కలా మోకాలెత్తున, నడుమెత్తున, అచ్చం తాటి ఆకులు. అవే విసనకర్రలు, అదే గరుకు, అంచుల్లో అదే చీలిక. చెట్టు మాత్రం లేదు! ఈ మరుగుజ్జు పామెటోకి కాండం నేలలోనే ఉంటుందిట, ఆకులు నేరుగా మట్టిలోంచి లేచినట్టు కనిపిస్తాయి. తాటిచెట్టుని మెడదాకా పాతిపెట్టినట్టుంది. పాలకొల్లు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో తాటాకు పందిళ్ళ కింద ఆడుకున్నదాన్ని. ఒక ఆకు చేత్తో నిమిరితే ఆ చప్పుడు కూడా అదే. తెంపకూడదు గానీ, తెంపితే బుట్ట అల్లేదాన్ని.

నదికి పైన రెఫెక్టరీ అని ఒక పాత రాతి కట్టడం ఉంది, భోజనశాల లాంటిది. ఎర్రని ఇసుకరాయి గోడలు, భూమిలోంచి మొలిచినట్టు అడుగున వెడల్పుగా ఉంటాయి. మొదట్లో దాని కప్పు ఈ పామెటో ఆకులతోనే నేశారుట. టెక్సాస్‌లో తాటాకు కప్పు! కట్టింది సీసీసీ కుర్రాళ్ళు, సివిలియన్ కన్జర్వేషన్ కోర్. 1930ల ఆర్థిక మాంద్యపు కరువులో పనుల్లేక తిరుగుతున్న యువకులకి రూజ్వెల్టు 1933లో పెట్టిన పథకం. నెలకి 30 డాలర్ల జీతం, అందులో 25 డాలర్లు ఇంటికి పంపేసేవారు. మిగిలిన ఐదుతో ఈ అడవిలో, ఈ దోమల్లో, ఆ రాళ్ళు మోశారు. మన ఆనకట్టలూ చెరువులూ కూడా ఎన్నో కరువు పనుల్లో కట్టినవే అని మావారు గుర్తుచేశారు. అవును గానీ, వాటి పక్కన కూర్చుని ఇడ్లీ తినడానికి బల్ల ఎవడూ కట్టలేదు.

షీటు నిజంగా ఆగిపోయింది మాత్రం పంపు దగ్గర. ట్రైలు పక్కన చెట్ల మధ్య నుంచి ఏదో చప్పుడు. టక్... టక్... టక్. ఎవరో తీరిగ్గా సుత్తితో కొడుతున్నట్టు. దగ్గరికెళ్తే తుప్పు పట్టిన ఇనుప బుంగ, రెండు గొట్టాలు. "హైడ్రాలిక్ ర్యామ్!" అన్నారు మావారు. ఆ గొంతులో అంత ఉత్సాహం నేను మా అబ్బాయి పుట్టినప్పుడు విన్నానేమో. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత పుస్తకంలో బొమ్మ చూశారుట, నడుస్తున్నది చూడ్డం ఇదే మొదటిసారి.

తర్వాత గంటసేపు నాకు పాఠం. భూమిలోంచి దానంతటదే ఉబికి వచ్చే ఊట నీరు పల్లానికి గొట్టంలో దిగుతుంది. వేగం పుంజుకోగానే ఒక వాల్వు టక్కున మూసుకుంటుంది. పరిగెత్తే నీటిని హఠాత్తుగా ఆపితే ఆ తోపు ఎక్కడికో పోవాలి కదా. రెండో వాల్వుని తోసుకుని కాసిని నీళ్ళు గాలి నిండిన బుంగలోకి దూరి, అక్కణ్ణించి పైనున్న ట్యాంకుకి ఎక్కుతాయి. ఒత్తిడి తగ్గగానే మొదటి వాల్వు మళ్ళీ తెరుచుకుంటుంది, మళ్ళీ టక్. కరెంటు లేదు, డీజిలు లేదు. వచ్చిన నీళ్ళలో ఎక్కువ భాగం కింద పారిపోతుంది, కొద్దిగా మాత్రమే పైకి వెళ్తుంది, కానీ రాత్రీ పగలూ వెళ్తూనే ఉంటుంది. దీన్ని 1796లో ఫ్రాన్సులో కనిపెట్టిన మాంగోల్ఫియే, వేడిగాలి బెలూను ఎగరేసిన అన్నదమ్ముల్లో ఒకడుట. ఆ నీటికి కుళ్ళిన కోడిగుడ్డు కంపు, గంధకం. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వింటున్నాను, కొంగంటే స్వెట్టర్ మీద కప్పుకున్న శాలువా.

మధ్యాహ్నం దాటింది. ఆయన వాచీ చూసుకోలేదు. టక్‌కీ టక్‌కీ మధ్య ఎంత సేపో మాత్రం ఫోన్లో లెక్కపెట్టారు, అది వేరే సంగతి.

ఆదివారం భోగి. తెల్లారగట్ల మంట వెయ్యాలి, కానీ అడవిలో పుల్ల ఏరితే జరిమానా, పార్కు నిబంధన. ఆఫీసులో అమ్మే కట్టెల మోపులే కొనాలి. పాత కుర్చీలూ విరిగిన తలుపులూ వెయ్యడానికి వీల్లేదు, పిడకల మాట సరే సరి. రాత్రి పదినుంచి పొద్దున ఆరుదాకా చప్పుడు చెయ్యకూడదు కాబట్టి పాటలూ కేకలూ లేవు. బుద్ధిమంతుల భోగి అన్నమాట. ఇద్దరం దుప్పట్లు కప్పుకుని నెగడు పక్కన గుసగుసలాడుకుంటుంటే చీకట్లోంచి పార పట్టుకుని పెద్దాయన వచ్చారు. రైతు కదా, నాలుక్కే మెలకువ. ఏమిటీ సంబరం అంటే చెప్పాను, పాతవన్నీ తెచ్చి మంటలో వేస్తామని.

"మరి మీరేం వేశారు?" అన్నారాయన.

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఏమీ వెయ్యలేదు. మావారు లేచి ట్రైలర్లోకి వెళ్ళి క్లిప్ బోర్డు పట్టుకొచ్చారు. యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, జయాన్, అన్ని షీట్లూ అందులోనే ఉన్నాయి. క్లిప్పు తీసి కాగితాలన్నీ నెగట్లో పడేశారు. ఏదో పెద్ద త్యాగం చేసినట్టేం కాదు, చలిగా ఉంది, చేతికి దొరికినవి అవే. లాప్‌టాప్‌లో కాపీలు ఉన్నాయని కూడా నాకు తెలుసు. అయినా, "8.25" అని రాసిన మూల నల్లబడి ముడుచుకుపోతుంటే నేను కళ్ళార్పకుండా చూశాను.

సంక్రాంతి పొద్దున మా సైటు ముందు ముగ్గు వేశాను. బియ్యప్పిండి వేస్తే పిట్టలూ రకూన్లూ చేరతాయి, ఇక్కడ జంతువులకి తిండి పెట్టకూడదు. పక్క సైటు పిల్లల దగ్గర సుద్దముక్కలు అరువు తీసుకుని తారు మీద రథం ముగ్గు వేస్తే, నలుగురు పిల్లలు చేరి రథం చక్రాలకి నీలం, గుర్రాలకి గులాబీ రంగు పూశారు. రథానికి గుర్రాలు నేను వెయ్యలేదు, వాళ్ళే వేశారు. పొంగలి వండి వాళ్ళమ్మకి పెట్టాను. మధ్యాహ్నానికి సెలవు అయిపోయింది, ఒక్కొక్కరే డంప్ స్టేషను దగ్గర వరస కట్టి, మురుగునీళ్ళ ట్యాంకులు ఖాళీ చేసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రానికి పార్కులో మేమూ, హోస్టులూ, ఇంకో రెండు మూడు బళ్ళూ.

ఆ సాయంత్రమే పెద్దాయన తలుపు తట్టి రేపటికి ఉత్తరపు గాలి దిగుతుందని హెచ్చరించారు. టెక్సాస్‌లో నార్దర్ అంటే సరదా కాదు, చొక్కా మీద తిరిగే రోజు కాస్తా గంటల్లో గడ్డకట్టే చలిగా మారిపోతుంది. లోపలి ట్యాంకులో నీళ్ళు నింపుకుని బయటి గొట్టం విప్పేయమన్నారు, లేకపోతే గొట్టం గడ్డకట్టి పగులుతుంది. సింకు కింద అల్మరా తలుపులు తెరిచి పెడితే వెచ్చటి గాలి పైపులకి తగులుతుందన్నారు. మా ప్రొపేన్ సిలిండరు తనే ఎత్తి చూసి, బరువుని బట్టి సగం పైనే ఉందని తేల్చారు.

తెల్లవారేసరికి కప్పు మీద ఇసుక పోసినట్టు చప్పుడు, మంచు పలుకులు. తలుపు తీస్తే మెట్టు మీద గాజు పొర. శాన్ ఆంటోనియో, ఆస్టిన్ రోడ్లన్నీ జారుడుబల్లలయ్యాయని ఫోన్లో వార్తలు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ కనుమకి టెక్సాస్ మొత్తం కదల్లేదు. పామెటో ఆకుల మీద మంచు పేరుకుని, గాలికి ఒకదానికొకటి తగిలితే గాజులు గలగలమన్నట్టు వినిపించింది.

మధ్యాహ్నం హోస్టులిద్దరినీ భోజనానికి పిలిచాను. మినప్పప్పు నానబెట్టే ఉంచాను, కనుమ నాడు గారె లేకపోతే ఎలా. మా బల్ల దగ్గర ఇద్దరు కూర్చుంటే సరి, నలుగురం మోకాళ్ళు తగిలేలా ఇరుక్కున్నాం. మిరియాల చారు గ్లాసుల్లో పోసిస్తే పెద్దాయన రెండుసార్లు అడిగి పోయించుకుని, ముక్కు తుడుచుకుంటూ తాగారు. ఆవిడకి గారె కంటే అల్లప్పచ్చడి నచ్చింది, వేలితో గిన్నె తుడిచేసింది. తను తెచ్చిన పెకాన్ పై అనే తీపి వంటకం మావారికి నచ్చింది, సుగరు సంగతి ఆ పూటకి ఎవరం ఎత్తలేదు.

మాటల్లో పడ్డాక వాళ్ళ పొలం గురించి, మా నాన్నగారి పొలం గురించి, మొక్కజొన్న ధర గురించి, వరి ధర గురించి మగాళ్ళిద్దరూ ఒకటే ఏడుపు. రైతులకి దేశాలతో పనిలేదు. ఆవిడ నాకేసి వంగి నెమ్మదిగా అంది: "పొలం ఉన్నన్నాళ్ళూ ఈయన మధ్యాహ్నం భోజనం ట్రాక్టరు మీదే. బండిలోకి మారాకే తెలిసింది నాకు, నమిలేటప్పుడు ఈయన ఎంత చప్పుడు చేస్తాడో." నేను నవ్వాపుకోలేక చారు ఒలకబోశాను. ఏం చెప్పారని మావారు అడిగితే, ఆడవాళ్ళ మాటలు అన్నాను.

పక్క ఊరు ఒట్టీన్ కథ కూడా ఆవిడే చెప్పింది. అక్కడ పత్తి జిన్ను పెట్టిన ఒట్టో అనే ఆయన పేరూ, ఆయన భార్య క్రిస్టీన్ పేరూ కలిపి ఊరికి పెట్టారుట. ఈ చిత్తడిలో ఒకప్పుడు బురద బుడగలు బుడగలుగా ఉడికేదనీ, వేడి ఊటల నీళ్ళతో 1940ల్లో పోలియో పిల్లలకి చికిత్స చేసిన ఆసుపత్రి ఇక్కడే ఉండేదనీ చెప్పింది. మావారి క్లాసుమేటు ఒకాయన కాలీడ్చుకుంటూ బడికొచ్చేవాడు. ఆ మాట తలుచుకుని ఆయన కాసేపు మాట్లాడలేదు. రాత్రిపూట అడవిలో ఏదో భూతం తిరుగుతుందనే కథ కూడా ఉందిట, ఆవిడ నమ్మదు, పెద్దాయన మాత్రం నమ్మనని గట్టిగా అనలేదు. మాకు వినిపించింది గుడ్లగూబ ఒక్కటే. నదికి అవతల ఒకటి కూస్తే ఇవతల ఇంకోటి బదులిచ్చేది. "ఇవాళ వంటెవరిది?" అని అడుగుతుందిట, ఇక్కడివాళ్ళు అలాగే అంటారు. మావారు "మా ఆవిడదే" అని రోజూ జవాబిచ్చేవారు.

మంచు కరిగాక ఒకరోజు గొంజాలెస్ వెళ్ళొచ్చాం. 1835 అక్టోబరు 2న మెక్సికో సైన్యం తామిచ్చిన ఫిరంగిని తిరిగిమ్మంటే "వచ్చి పట్టుకుపొండి" అని తిరగబడిన ఊరు, టెక్సాస్ విప్లవానికి తొలి తుపాకీ మోత అక్కడే. ఫిరంగి బొమ్మ వేసిన ఆ జెండా ఇప్పుడు ట్రక్కుల మీదా టీషర్టుల మీదా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఫిరంగి చూశాం, ఇంత చిన్నదా అనుకున్నాం, మధ్యాహ్నానికి వెనక్కి వచ్చేశాం. మావారికి మనసంతా పంపు మీదే.

తర్వాత ఇంకా పెద్ద పార్కులకి వెళ్ళాం, మంచివే. షీట్లు మాత్రం సన్నబడ్డాయి. ఇప్పుడు టెక్సాస్ పార్కుల్లో సైట్ల బుకింగు ఐదు నెలల ముందే తెరుస్తారు, సెలవు రోజులకి ఆ పొద్దునే కూర్చోవాలి, లేకపోతే లేదు. మావారికి మోకాళ్ళు మొండికేశాయి, ట్రైలరుని బండికి కలిపే హిచ్చి ఎత్తి తగిలించడం, కిందకి వంగి జాకులు తిప్పడం కుదరలేదు. 2021లో ఆర్వీలకి గిరాకీ బాగా ఉన్నప్పుడు అమ్మేశాం. కొన్నదానికంటే ఎక్కువే వచ్చింది, ఆ సంగతి ఆయన ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతారు.

అయోవా ఆవిడ మెయిళ్ళు మాత్రం రాస్తుండేది. ఏ పార్కులో ఉన్నారో, అక్కడ బాత్రూములు ఎలా ఉన్నాయో, ముందు అవే. ఒకసారి అల్లప్పచ్చడి ఎలా చెయ్యాలో అడిగి, చింతపండు దొరక్క నిమ్మరసం పోశానని రాసింది. పోయినేడు పొడుగాటి ఉత్తరం. పెద్దాయన చూపు మందగించింది, మోటార్‌హోమ్ అమ్మేశారు, కూతురి ఊళ్ళో అపార్టుమెంటు తీసుకున్నారు. వంటింటి కిటికీలోంచి రోజూ అదే పార్కింగు లాటు కనిపిస్తుంటే అలవాటు పడలేకపోతున్నానంది. చివర్లో ఒక ప్రశ్న: మీ ఆయనకి ఇప్పుడైనా ఒక్కసారిలో వెనక్కి పెట్టడం వచ్చిందా?

మావారికి చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "వచ్చిందని రాయి" అన్నారు.

"ట్రైలరు అమ్మేశాం కదండీ."

"అది అడగలేదుగా ఆవిడ. అడిగినదానికి చెప్పు."

వచ్చిందనే రాశాను. డ్రైవర్ వైపు, ప్యాసింజర్ వైపు అంటూ, ఒక్క అరుపు లేకుండా, చూస్తున్నవాళ్ళు విసుగుపడి కుర్చీలు తిప్పుకునేంత బాగా వచ్చిందని కూడా చేర్చాను.